బైబిల్ పఠన యాప్ రివ్యూ: వాక్యం చాలా బాగుంది, ఆ బ్యాడ్జీలే వద్దు

ముందు నా తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. చదవడానికీ వినడానికీ ఈ యాప్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. చదివినందుకు అది ఇచ్చే బ్యాడ్జీలు, వరసగా ఎన్ని రోజులు చదివారో లెక్కపెట్టే స్ట్రీక్‌లు, లెవెల్స్, షేర్ కార్డులు ఉన్నాయి చూడండి, వాటికి ఒక్కటి కూడా ఇవ్వను. మొత్తం మీద మూడు అనుకోండి. యాప్ పేరు రాయడం లేదు. ఇప్పుడు ఇలాంటివి చాలా వచ్చాయి, కాస్త అటూ ఇటూగా అన్నిట్లోనూ ఇవే ఫీచర్లు ఉన్నాయి కాబట్టి నేను చెప్పేది మీ ఫోన్‌లో ఉన్నదానికీ చాలావరకు వర్తిస్తుంది.

మంచి సంగతులు మంచివే కాబట్టి వాటితో మొదలుపెడతాను. ఆడియో అద్భుతంగా ఉంది. చదివేవాళ్లు హడావిడి లేకుండా, నాటకీయంగా గొంతులు మార్చకుండా, వాక్యం వాక్యంలా వినిపించేలా చదివారు, చేతులు పనిలో ఉన్నప్పుడు కూడా బైబిల్లోని ఒక పత్రిక, అంటే ఒక లేఖ, మొత్తం వినేయొచ్చు. పాత అనువాదం, వాడుక భాష అనువాదం పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అక్షరాల సైజు ఎంత పెంచినా పేజీ చెదిరిపోదు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కళ్లజోడు పెట్టుకునేవాళ్లని అడగండి. అన్నిటికంటే నాకు నచ్చింది నోట్స్ విభాగం. దానికి తాళం ఉంది, మీరు రాసుకున్నది ఎవరికీ కనపడదు, అక్కడ షేర్ బటన్ కూడా లేదు. ఈ యాప్‌లో మీరూ దేవుడూ తప్ప మూడో మనిషి లేని చోటు అదొక్కటే. నేను ఎక్కువసేపు గడిపేది అక్కడే.

ఇక అసలు సమస్య. ఒక ఉదాహరణ చూపిస్తాను.

రోజువారీ పఠనంలో లూకా 18వ అధ్యాయం వచ్చింది, 9 నుంచి 14 వచనాలు. ఇద్దరు మనుషులు ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్తారు. ఒకడు పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గంవాడు. అతను తాను వారానికి రెండుసార్లు ఉపవాసం చేస్తాననీ, సంపాదన అంతటిలో పదో వంతు ఇస్తాననీ, ఇతర మనుషుల్లాంటి వాణ్ని కాననీ దేవునికి చెప్పుకుంటాడు. రెండోవాడు సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. అతను దూరంగా నిలబడి, ఆకాశం వైపు కళ్లెత్తడానికి కూడా ధైర్యం చాలక, రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అంటాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది ఆ రెండోవాడే. ఆ మాట దగ్గర భాగం అయిపోయింది. కింద "పూర్తయింది" నొక్కాను. వెంటనే స్క్రీన్ మీద రంగు కాగితాలు రాలినట్టు బొమ్మ వచ్చింది, ఒక మంట గుర్తు వెలిగింది, దాని కింద "మీ స్నేహితుల్లో చాలామంది కంటే మీరు ముందున్నారు" అని వచ్చింది. ఆ కింద అడ్డంగా స్క్రీన్ అంతా పరుచుకుని ఒక ఆకుపచ్చ బటన్: "అందరితో పంచుకోండి". మూసేయడానికి పై మూలలో లేత బూడిద రంగులో చిన్న ఇంటూ గుర్తు, వెతికితే గానీ కనపడదు.

ఆ స్క్రీన్ చూసి నాకు నిజంగా బాధేసింది. "ఇతరుల్లాంటి వాణ్ని కాను" అని ఆ పరిసయ్యుడు ఏ మాట అన్నాడో, సరిగ్గా ఆ మాటనే యాప్ నాకు బహుమతిగా ఇచ్చింది, అదీ ఆ ఉపమానం చదివినందుకు. ఇంకో విషయం గమనించండి. ఆ పరిసయ్యుడు అబద్ధమాడాడని యేసు ఎక్కడా అనలేదు. ఉపవాసం నిజంగానే చేసి ఉంటాడు, దశమభాగం లెక్క తప్పకుండా ఇచ్చి ఉంటాడు, పైగా తన ప్రార్థనను కృతజ్ఞతతోనే మొదలుపెట్టాడు. మరి తప్పెక్కడ? దేవుని ముందు నిలబడి పక్కవాణ్ని చూశాడు. తన భక్తికి కొలబద్దగా సుంకరిని పెట్టుకున్నాడు. లూకా ఈ ఉపమానానికి ముందే చెప్పేశాడు, తామే నీతిమంతులమని తమను నమ్ముకుని ఇతరులను తృణీకరించే వాళ్లతో యేసు దీన్ని చెప్పాడని. తమను తాము నమ్ముకోవడం, ఇతరులను తక్కువగా చూడడం, ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. స్నేహితులతో పోల్చి చూపించే పట్టికకు ఇంకో పని ఉందంటారా? నాకైతే కనపడలేదు.

అలవాటు కోసమే కదా ఇవన్నీ, అంటారు. అలవాటుకి నేను వ్యతిరేకిని కాను, అసలు కాను. దానియేలు రోజుకి మూడుసార్లు మోకరించాడు, రాజుకి తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదని రాజాజ్ఞ వచ్చాక కూడా ఎప్పటిలాగే మోకరించాడు. క్రమం లేకుండా ప్రార్థనా జీవితం నిలబడదు. పొద్దున్న ఒక సమయానికి గుర్తుచేసే అలారం ఈ యాప్‌లో ఉంది, అది వాడండి, చాలా ఉపయోగం. కానీ గుర్తుచేయడం వేరు, చాటింపు వేయడం వేరు. దానియేలు కిటికీలు తెరిచే ఉన్నాయి, నిజమే, కానీ ఎవరో చూస్తారని తెరవలేదు, ఎవరో చూస్తున్నారని మూయలేదు. అంతకుముందు ఎలా చేసేవాడో అలాగే చేశాడు.

మత్తయి 6వ అధ్యాయం తెలిసినవాళ్లకి ఈ యాప్ మెనూ చూస్తే ఒక సంగతి తడుతుంది. అక్కడ యేసు మూడింటి గురించి మాట్లాడాడు: ధర్మం చేయడం, ప్రార్థన, ఉపవాసం. మూడింటినీ మనుషులకు కనబడాలని చేయొద్దన్నాడు. అలా చేసేవాళ్లు తమ ఫలం అప్పటికే పొందేశారన్నాడు. ఈ యాప్‌లో సరిగ్గా ఈ మూడింటికీ మూడు బ్యాడ్జీలు ఉన్నాయి. కానుక ఇస్తే ఒకటి. ప్రార్థనకు ఒకటి. ఉపవాసానికైతే ఏకంగా టైమరే పెట్టారు, గంటలు లెక్కపెట్టి చివర్లో మీ పేరుతో కార్డు తయారుచేసి ఇస్తుంది. ఉపవాసమున్న రోజు తల అంటుకుని, ముఖం కడుక్కుని, ఎవరికీ తెలియనివ్వకుండా ఉండమని చెప్పిన ప్రభువు మాట కూడా ఇదే యాప్‌లో, రెండు స్క్రీన్ల అవతల ఉంది. టైమర్ పెట్టినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో పెట్టారని నేను అనను, జనం ఉత్సాహంగా ఉపవాస ప్రార్థనలో పాల్గొనాలనే పెట్టి ఉంటారు. కానీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చెప్పిన చోట, తెలియజేయడానికి ప్రత్యేకంగా బటన్ పెట్టడం ఏ ఉద్దేశంతో చేసినా సరికాదు.

ప్రార్థన గోడ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాంట్లో మంచీ చెడూ కలిసిపోయి ఉన్నాయి. ఎవరైనా తమ అవసరం రాస్తారు: అమ్మకి ఆపరేషన్, ఉద్యోగం పోయింది, కొడుకు ఇంటికి రావట్లేదు. చదివినవాళ్లు "నేను ప్రార్థించాను" అని నొక్కుతారు. రాత్రి ఒంటిగంటకి ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనిషికి ఆ సంఖ్య పెరగడం కనిపిస్తే ఎంత ధైర్యమో, దాన్ని నేను తీసేయమనను. అది అడిగినవాళ్లకి ఇచ్చే ఓదార్పు. కానీ అదే సంఖ్యని తిప్పి, ప్రార్థించినవాళ్ల ప్రొఫైల్‌లో "ఇంతమంది కోసం ప్రార్థించారు" అని పెడుతున్నారు. అక్కడ మొత్తం తలకిందులైంది. ఒకరి కన్నీళ్లు ఇంకొకరి ఖాతాలో మార్కులయ్యాయి. అడిగినవాళ్లకి కనపడేది ఉంచి, ప్రొఫైల్‌లోది తీసేస్తే చాలు, అదేమంత కష్టమైన మార్పు కాదు.

బైబిల్ క్విజ్ గురించి ఎక్కువ రాయను. పిల్లలకి సరదాగా ఉంటుంది, ప్రశ్నలు బాగా తయారుచేశారు. పెద్దవాళ్ల విభాగంలో మాత్రం ర్యాంకుల పట్టిక ఉంది. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘంవాళ్లకి రాసింది ఆ పట్టిక చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

గ్రూప్ ఛాలెంజ్ మా సంఘంలో కూడా పెట్టారు. అందరూ ఒకే ప్రణాళిక చదవడం, వారం చివర్లో కూర్చుని మాట్లాడుకోవడం, ఇది మంచి ఆలోచన, చర్చలు కూడా బాగా జరిగాయి. అయితే యాప్ ప్రతి రాత్రీ గ్రూప్‌లో అందరి పేర్లూ వరసగా పెట్టి చూపిస్తుంది, ఎక్కువ చదివినవాళ్లు పైన, తక్కువ చదివినవాళ్లు కింద. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడు, డ్యూటీ షిఫ్టులు మారుతూ ఉంటాయి, నిద్రే సరిగ్గా ఉండదు. అతని పేరు ఎప్పుడూ అట్టడుగునే. కొన్నాళ్లకి మీటింగులకి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "అక్కా, ఆ లిస్టులో నా పేరు అందరూ చూస్తున్నారు, మీ మధ్యకి రావాలంటే మొహం చెల్లట్లేదు" అన్నాడు. అతను ఆ వారం బస్సులో నిలబడి మార్కు సువార్తలో ఒక్క అధ్యాయమే విన్నాడట. కానీ ఆ అధ్యాయం గురించి అతను ఫోన్‌లో మాట్లాడినంతసేపు నేను నోరెత్తలేదు, పక్షవాయువు గలవాణ్ని మోసుకొచ్చిన నలుగురి గురించి, ఇంటికప్పు విప్పడం గురించి, ఎవరో మోస్తే తప్ప యేసు దగ్గరికి రాలేని స్థితి గురించి అతను చెప్పింది నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. పట్టికలో అది ఎక్కడ పడుతుంది? పైనున్నవాళ్లకి గర్వం, కిందున్నవాళ్లకి సిగ్గు, ఒకే పట్టిక రెండు పనులూ చేస్తుంది. ఇద్దరి చూపునూ క్రీస్తు మీద నుంచి తప్పించి ఒకరి మీద ఒకరికి పెడుతుంది. మేం ఆ పట్టికని గ్రూప్ సెట్టింగ్స్‌లో ఆపేశాం, తమ్ముడు మళ్లీ వస్తున్నాడు. ఆపే అవకాశం ఇచ్చినందుకు యాప్ వాళ్లకి కృతజ్ఞతలు, కానీ అది నాలుగు మెనూల లోపల ఉంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మరి సాక్ష్యం చెప్పకూడదా? మీ వెలుగు మనుషుల ముందు ప్రకాశించనివ్వండి అన్నది కూడా యేసే కదా?" అవును, అది మత్తయి 5లోనే ఉంది, చాటుకోవద్దన్న 6వ అధ్యాయానికి ముందు పేజీలోనే. రెండూ ఒకే కొండమీది ప్రసంగం. ఆ వచనం చివరిదాకా చదవాలి: మనుషులు మీ మంచి పనులు చూసి పరలోకంలో ఉన్న మీ తండ్రిని మహిమపరచాలి. చూసినవాళ్ల నోట ఎవరి పేరు వస్తుందన్నదే ప్రశ్న.

హిజ్కియా కథ ఈ విషయంలో నాకు ఎప్పుడూ వణుకు పుట్టిస్తుంది. చావు పడక మీద గోడవైపు తిరిగి ఏడ్చిన యూదా దేశపు రాజు ఆయన. దేవుడు అతని కన్నీళ్లు చూసి 15 ఏళ్లు ఆయుష్షు పెంచాడు, గుర్తుగా నీడని 10 మెట్లు వెనక్కి మళ్లించాడు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏ మనిషికి దొరుకుతుంది? పైగా అడగడానికి మనుషులు కూడా వచ్చారు. దేశంలో జరిగిన ఆ ఆశ్చర్యకార్యం గురించి తెలుసుకోవడానికే బబులోను నుంచి దూతలు వచ్చారని దినవృత్తాంతాల రెండో గ్రంథం 32వ అధ్యాయం చెబుతుంది. ఆయన చేయాల్సిందల్లా కూర్చోబెట్టి, నేను చనిపోవాల్సినవాణ్ని, నా దేవుడు బతికించాడు అని చెప్పడమే. కానీ ఆయన వాళ్లకి వెండి చూపించాడు, బంగారం చూపించాడు, సుగంధ ద్రవ్యాలు, పరిమళ తైలం, ఆయుధాగారం, తన ఇంట్లో, రాజ్యంలో ఉన్నవాటిలో చూపించనిది ఏదీ లేదు. ప్రవక్త యెషయా వచ్చి "నీ ఇంట్లో వాళ్లేం చూశారు?" అని అడిగితే, అన్నీ చూశారని ఆయనే ఒప్పుకున్నాడు. దేవుడు ఏం చేశాడో వినడానికి వచ్చినవాళ్లు, రాజు దగ్గర ఏముందో చూసి వెళ్లారు. సాక్ష్యం అతిశయంగా మారడానికి అబద్ధం అక్కర్లేదు, చూపించే వస్తువు మారితే చాలు. ఈ యాప్‌లో షేర్ కార్డు కూడా అదే చేస్తుంది. ఆ కార్డు మీద మీరు చదివిన వచనం ఉండదు, మీకు అందులో ఏం దొరికిందో ఉండదు, మీరు ఎన్ని రోజులు వరసగా చదివారో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో "సమస్త మహిమ దేవునికే" అని ఉంటుంది. ఆ మాట అక్కడ ఉన్నంత మాత్రాన ఆ కార్డు దేని గురించో మారిపోదు. ఆ రోజు మిమ్మల్ని తాకిన వచనమే కార్డులో ఉండి, మీ పేరు, రోజుల లెక్క లేకుండా ఉంటే నేను కూడా సంతోషంగా పంపుతాను.

పౌలు విషయానికొస్తే ఈ ఫీచర్ల మీద నాకున్న అభ్యంతరం ఇంకా గట్టిపడుతుంది. కొరింథులో కొందరు తమ గొప్పలు చెప్పుకుంటుంటే, అతిశయపడక తప్పని పరిస్థితి ఆయనకి వచ్చింది. 2 కొరింథీ 11లో ఆయన చెప్పుకున్న లెక్కలు చూడండి. యూదుల చేత 39 దెబ్బలు, 5 సార్లు. బెత్తాలతో 3 సార్లు. రాళ్లతో ఒకసారి. ఓడ పగిలింది 3 సార్లు. ఆకలి, చలి, దిగంబరత్వం, నిద్రలేని రాత్రులు, వీటన్నిటి పైన సంఘాలన్నిటి గురించిన చింత. ఎంతమందికి బాప్తిస్మమిచ్చాడో లేదు, ఎన్ని సంఘాలు స్థాపించాడో లేదు. చివరికి ఏ సంఘటనతో ముగించాడంటే, దమస్కులో తనని పట్టుకోడానికి కాపలా పెడితే, గోడలో ఉన్న కిటికీలోంచి గంపలో కూర్చోబెట్టి కిందికి దించారు, అలా తప్పించుకున్నాడు. గొప్పవాడు ఎవరైనా దాచుకునే కథ అది. అంతటితో ఆగలేదు. మూడో ఆకాశానికి కొనిపోబడిన అనుభవం ఆయనకి ఉంది, దాని గురించి 14 ఏళ్ల తర్వాత నోరు విప్పాడు, అది కూడా "క్రీస్తునందున్న ఒక మనుష్యుని నేనెరుగుదును" అని, ఎవరో వేరే మనిషి గురించి చెప్పినట్టు. అక్కడ విన్నది చెప్పనే లేదు. వెంటనే తన శరీరంలో తనని బాధించే ఒక ముల్లు గురించి చెప్పాడు, మూడుసార్లు తీసేయమని వేడుకున్నా తీయకుండా "నా కృప నీకు చాలును" అని ప్రభువు అన్న మాట చెప్పాడు. ఆ ముల్లు ఎందుకో కూడా ఆయనే చెప్పాడు, ప్రత్యక్షతలు ఎక్కువైనందువల్ల తాను హెచ్చిపోకుండా ఉండడానికట. పౌలంతటివాడికి గర్వం నుంచి కాపాడే ముల్లు అవసరమైందంటే, రోజూ ఒక అధ్యాయం చదివే మనకి చప్పట్లు కొట్టే యాప్ ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఈ యాప్‌లో "నేటి అనుభవం" అని ఒక విభాగం ఉంది, ప్రార్థన ముగించగానే తెరుచుకుంటుంది, దేవుడు మీతో ఏం మాట్లాడాడో వెంటనే పంచుకోమంటుంది. అది లోపల దిగే లోపే బయటికి పంపేయమంటే ఎలా? యేసు పుట్టినప్పుడు గొర్రెల కాపరులు చెప్పిన మాటలన్నీ ఆయన తల్లి మరియ తన హృదయంలో తలపోసుకుంటూ భద్రం చేసుకుందని లూకా రాశాడు. ఆ తలపోసుకునే సమయం మనకీ కావాలి.

ఈ సమస్య యాప్‌లతో పుట్టింది కాదు. ఐదో శతాబ్దపు సన్యాసి జాన్ కాసియన్ వృథా అతిశయం గురించి రాస్తూ, మిగతా దుర్గుణాలు ఓడించేకొద్దీ నీరసపడతాయి, ఇది మాత్రం ఓడిపోయి ఇంకా బలంగా లేస్తుంది అన్నాడు. ఎందుకంటే అది మన పాపాల మీద కాదు, మన పుణ్యకార్యాల మీదే పెరుగుతుంది. ఉపవాసం చేస్తే దాని మీద, ఉపవాసం దాచిపెడితే ఆ దాచిపెట్టడం మీద. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠం కోసం రాసిన నియమావళిలో ఏడో అధ్యాయం మొత్తం దీనత్వం గురించే, 12 మెట్లుగా చెప్పాడు, యాకోబు కలలో చూసిన, ఆకాశాన్ని అంటే నిచ్చెన గుర్తుచేస్తూ, హెచ్చించుకుంటే దిగిపోతాం, తగ్గించుకుంటే ఎక్కుతాం అన్నాడు. ఈ యాప్‌లో కూడా లెవెల్స్ ఉన్నాయి, "విత్తనం" నుంచి మొదలై "స్తంభం" దాకా. పాయింట్లు వస్తే పైకి. స్తంభం అయ్యాక పేరు పక్కన బంగారు రంగు చుక్క. ఆత్మీయ ఎదుగుదలని ఇలా చూపించడం పిల్లలకి నేర్పితే వాళ్లు దేన్ని ఎదుగుదల అనుకుంటారో అని నాకు టెన్షన్‌గా ఉంది.

దీనత్వం అంటే నేనెందుకూ పనికిరాను అనుకోవడం కాదని కూడా చెప్పాలి, లేకపోతే నేను చెప్పేది తప్పుగా అర్థమవుతుంది. యాప్‌లో కొన్ని రెడీమేడ్ కార్డులు ఉన్నాయి, "నేను ధూళిని", "అయోగ్యుణ్ని" అని రాసి, మధ్యలో మీ ఫోటో పెట్టుకునేవి. అది దీనత్వం కాదు, అక్కడ కూడా చూపు మన మీదే ఉంది. యోహాను 13వ అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడిగే ముందు యోహాను ఒక మాట రాస్తాడు: తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గరనుంచి వచ్చాననీ, దేవుని దగ్గరికి వెళ్తున్నాననీ ఎరిగి, భోజనపంక్తిలో నుంచి లేచి తువాలు నడుముకు కట్టుకున్నాడు. తానెవరో పూర్తిగా తెలిసి వంగాడు. తన విలువ ఎవరో నిరూపించాల్సిన అవసరం లేనివాడే అలా వంగగలడు. పళ్లెంలో నీళ్లు పోసింది, కడిగింది, తువాలుతో తుడిచింది అన్నీ ఆయనే, ఆ పాదాల్లో ఆయన్ని శత్రువులకి అప్పగించబోతున్న శిష్యుడు యూదావి కూడా ఉన్నాయి. మనం పాయింట్ల కోసం ఆరాటపడేది మనం ఎవరమో మర్చిపోయినప్పుడే. "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని పౌలు అడిగిన ప్రశ్నకి ఇంతవరకూ ఎవరి దగ్గరా సమాధానం లేదు. విశ్వాసం కూడా పొందినదే. చదవాలనే ఆకలి కూడా.

లెక్కపెట్టడమే పాపమా? కాదు. సంఖ్యాకాండంలో దేవుడే జనాన్ని లెక్కించమన్నాడు. కానీ రాజైన దావీదు లెక్కించినప్పుడు అతని సేనాధిపతి యోవాబు లాంటి కఠినుడు కూడా, రాజు ఎందుకు దీన్ని కోరుకుంటున్నాడు అని అడ్డుపడ్డాడు. 9 నెలల 20 రోజులు దేశమంతా తిరిగి సంఖ్య తెచ్చాక, దావీదు మనసు దావీదునే పొడిచింది. అందుకని యాప్‌లో ఎక్కడిదాకా చదివానో చూపించే గీత ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు, అది దారి తప్పకుండా ఉంచుతుంది. ఆ సంఖ్యని చూసి నేను దేన్ని నమ్ముకుంటున్నానన్నదే చూసుకోవాలి. ఇది ఎవరికి వాళ్లే, తలుపు వేసుకుని తేల్చుకోవాల్సిన సంగతి.

నేను యాప్ వాళ్లకి అడిగినవి రాశాను. స్ట్రీక్ మొదటినుంచే ఆపేసి ఉండాలి, కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకుంటారు. స్నేహితులతో పోల్చే వాక్యం పూర్తిగా తీసేయాలి. ఉపవాసం టైమర్‌లో, కానుక విభాగంలో షేర్ బటన్ ఉండకూడదు. "మీ స్ట్రీక్ పోబోతోంది" అని రాత్రి 11 దాటాక పంపే నోటిఫికేషన్ ఆపాలి, భయంతో తెరిచిన వాక్యం ఎవరికీ మేలు చేయదు. మర్యాదగానే జవాబిచ్చారు, పరిశీలిస్తామన్నారు. చూద్దాం.

మీరు ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా? చేసుకోండి, ఆ ఆడియో కోసం, ఆ నోట్స్ కోసం తప్పకుండా చేసుకోండి. చేసుకున్న వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రొఫైల్‌ని ప్రైవేట్ చేయండి, "విజయాలు" అన్నది ఆపేయండి, నోటిఫికేషన్లలో పొద్దున్నది ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేయండి. గ్రూప్ నడిపేవాళ్లు పట్టికని మొదటిరోజే ఆపండి, ఎవరో బాధపడేదాకా ఆగొద్దు. ఈమధ్య అప్‌డేట్ వచ్చినప్పుడు "విజయాలు" తనంతట తనే మళ్లీ ఆన్ అయింది, కాబట్టి అప్‌డేట్ అయ్యాక ఒకసారి మళ్లీ చూసుకోండి.